నీలం బెల్టు, 42 ఏళ్ళు, ఆ ఒక్క గెంతు: ఆపేయాలా, కొనసాగించాలా?

పాపికొండల_పావని
మాది రాజమండ్రి. మా పాపని కరాటే క్లాసులో దింపి గంటన్నర స్కూటీ మీద కూర్చునేదాన్ని. ఒకరోజు మాస్టారిని "నేనూ చేరొచ్చా" అని అడిగాను. అప్పుడు నాకు 39. ఇప్పుడు 42. షోటోకాన్ పద్ధతి కరాటే. తెలుపు నుంచి నీలం దాకా వచ్చాను. తర్వాతి బెల్టుకి హెయాన్ గోదాన్ అనే కటా చెయ్యాలి. కటా అంటే దెబ్బలు, అడ్డుకోవడాలు ఒక వరసలో చెయ్యడం.

ఆ కటాలో చివరికి వచ్చేసరికి ఒక గెంతు ఉంది. తిరుగుతూ పైకెగిరి, కాళ్ళు కత్తెరలా వేసి బాగా కిందికి దిగాలి, దిగుతూనే రెండు చేతులూ అడ్డంగా కలిపి కింది దెబ్బని ఆపాలి. మా క్లాసు ఒక మేడ మీద జరుగుతుంది, కింద సిమెంటు. ఐదు వారాల క్రితం దిగేటప్పుడు కుడి మోకాలు మెలిక పడింది. డాక్టరు చూసి, పెద్ద దెబ్బ కాదు, పదిహేను రోజులు ఆగమన్నారు. ఆగాను. ఇప్పుడు మెట్లెక్కడం, దిగడం బాగానే ఉంది. కానీ ఆ గెంతు దగ్గరికి రాగానే ఒళ్ళు బిగుసుకుపోతోంది. మాస్టారు మాత్రం "గెంతు లేకపోతే అది గోదానే కాదమ్మా" అంటున్నారు.

రెండో సంగతి ఇల్లు. ఎనిమిది నెలల క్రితం మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. మావారి ఉద్యోగం వేరే ఊళ్ళో, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామున వెళ్ళిపోతారు. క్లాసు మంగళ, గురు, శనివారాలు ఉదయం ఐదున్నరకి. ఆయా ఆరున్నరకి గానీ రాదు. వారానికి మూడు క్లాసుల్లో ఒకటికి వెళ్ళగలుగుతున్నాను, ఒక్కోసారి అదీ లేదు. గ్రేడింగ్‌కి, అంటే బెల్టు పరీక్షకి, కూర్చోవాలంటే మూడు నెలల్లో 24 క్లాసులు ఉండాలని రూలు. నాకు 11 ఉన్నాయి.

క్లాసులో పది నుంచి పదిహేనేళ్ళ పిల్లలు పద్నాలుగు మంది. పెద్దదాన్ని నేనొక్కదాన్నే. ఈ వయసులో, ఇలాంటి ఇంటి పరిస్థితుల్లో సాధన చేస్తున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎలా కుదుర్చుకుంటున్నారు?

సూటిగా_చెప్తా
ఆరు నెలలు ఆపండి. బెల్టు ఎక్కడికీ పోదు. ఇంట్లో మనిషి మంచం మీద ఉన్నప్పుడు మోకాలు కూడా పోగొట్టుకుంటే ఇద్దర్నీ ఎవరు చూస్తారు?

ఫిజియో_కాకినాడ
వాపు ఎప్పుడొచ్చింది పావని గారూ? మెలిక పడిన గంటా రెండు గంటల్లోనా, మర్నాడా? మోకాలు ఎప్పుడైనా పట్టేసినట్టు ఆగిపోతోందా? నడుస్తుంటే ఒక్కసారిగా జారిపోయినట్టు అనిపిస్తోందా?

పాపికొండల_పావని
@ఫిజియో_కాకినాడ మర్నాడు ఉదయం లేచేసరికి కొద్దిగా ఉబ్బింది. పట్టెయ్యడం లేదు, జారడం లేదు. కింద పీట మీద కూర్చుని లేచేటప్పుడు మోకాలి చిప్ప చుట్టూ కాస్త నొప్పి ఉంటుంది, అంతే.

@సూటిగా_చెప్తా మీరు మంచికే చెప్పారని తెలుసు. కానీ నేను ఒకసారి ఆపితే మళ్ళీ మొదలుపెట్టను. డిగ్రీలో ఉన్నప్పుడు వీణ ఆపాను. "పెళ్ళి పనులయ్యాక" అనుకున్నాను. ఇరవై ఏళ్ళయింది.

రాత్రిషిఫ్ట్_రాజు
అక్కా, ఆ వీణ మాట చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. నాది హైదరాబాదు, అమెరికా కంపెనీ సపోర్టు, సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా. వయసు 36. టైక్వాండో. నేను లేచేసరికి ఏ క్లాసూ ఉండదు. ఆదివారం ఒక్కటే వెళ్తాను.

మిగతా ఆరు రోజులూ ఇంట్లో. మొదట్లో షిఫ్టు అయ్యాక చేసేవాణ్ణి. ఒళ్ళు వేడెక్కి ఎనిమిదింటి దాకా నిద్ర పట్టేది కాదు. తర్వాత సాయంత్రం నాలుగింటికి మార్చాను, ఇరవై నిమిషాలు. అది నిలబడింది. కింది ఫ్లాటువాళ్ళు చప్పుడని చెప్తే అడుగు చప్పుడు రాకుండా చెయ్యడం నేర్చుకున్నాను. నెమ్మదిగా కాలు ఎత్తి, నెమ్మదిగా పెట్టడం. రెండు నెలలకి మా సార్ "నీ బ్యాలెన్స్ మారింది, ఏం చేస్తున్నావ్" అని అడిగారు. కింది ఫ్లాటు ఆంటీ పుణ్యం అని చెప్పాను.

ఒక్కగంట_చాలు
కింది ఫ్లాటు ఆంటీకి కూడా ఒక బెల్టు ఇవ్వాలి.

ఫిజియో_కాకినాడ
సరే పావని గారూ. చూడకుండా ఏదీ ఖాయంగా చెప్పకూడదు, కానీ మీరు చెప్పిన గుర్తులు భయపడేవిగా లేవు. మెలిక పడగానే గంటల్లోనే మోకాలు బంతిలా ఉబ్బితే ఎక్కువసార్లు లోపల లిగమెంటు తెగిందేమోనని చూస్తాం. మర్నాటి కొద్దిపాటి వాపు వేరు. మోకాలు పట్టేసినా, జారినా మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

డాక్టరు చెప్పిన పదిహేను రోజుల రెస్టు తగ్గడానికి పనికొస్తుంది. బలం రావడానికి రెస్టు పనికిరాదు. తొడ ముందు కండరం, పిరుదు కండరాలు బలపడాలంటే వారానికి రెండు మూడు సార్లు చొప్పున ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మొదట కుర్చీలోంచి చేతులు ఆనించకుండా నెమ్మదిగా లేవడం, కూర్చోవడం. అది తేలికయ్యాక ఒక్క మెట్టు మీద నిలబడి రెండో కాలి మడమ నేలకి తాకించి మళ్ళీ పైకి రావడం. అద్దంలో చూసుకోండి, మోకాలు లోపలికి వాలకుండా కాలి రెండో వేలి వైపు ఉండాలి. అదీ నొప్పి లేకుండా వచ్చాక రెండు కాళ్ళతో చిన్న చిన్న గెంతులు, మ్యాట్ మీద. కటాలో గెంతు వీటన్నిటి తర్వాత. ఇప్పుడు మీకు గెంతు దగ్గర ఒళ్ళు బిగుసుకుంటోందంటే, అది పిరికితనం అనుకోకండి. ఆ కాలిని ఒళ్ళు ఇంకా నమ్మడం లేదు.

సిమెంటు మీద ఆ గెంతు పిల్లలకి కూడా మంచిది కాదు. రబ్బరు మ్యాట్లు నాలుగు జోడించి ఆ ఒక్క చోటైనా వేయించమని అడగండి.

మేడమీద_మాస్టర్
నేను ఇరవై రెండేళ్ళుగా కరాటే నేర్పుతున్నాను. రాజమండ్రి కాదు, కాబట్టి పావని గారి మాస్టారు నేను కాదు. అయినా ఆయన తరఫున ఒక మాట చెప్పాలి.

కటా అంటే మనకి ఒకరు అప్పగించిన వస్తువు. మోకాలు నొప్పని ఒకరు గెంతు తీసేస్తే, సిగ్గుగా ఉందని ఇంకొకరు కియాయ్ (దెబ్బతో పాటు వేసే కేక) తీసేస్తారు. పదేళ్ళకి ఏం మిగులుతుంది? 24 క్లాసుల రూలు కూడా ఊరికే పెట్టింది కాదు. "మావాడికి మూడు నెలలకో బెల్టు రావాలి, ఫీజు కడతాం" అని వచ్చే తల్లిదండ్రులు ఉంటారు. క్లాసుకి రాకుండా గ్రేడింగ్ రోజు మాత్రం తెల్ల డ్రెస్సు ఇస్త్రీ చేయించి పట్టుకొస్తారు. వాళ్ళకి కాదనడానికి రూలు ఉండాలి. పావని గారి లాంటి మనిషికి అది ఇబ్బందే, ఒప్పుకుంటాను. కానీ ఒకరికి సడలిస్తే మిగతావాళ్ళు ఊరుకోరు.

డాలస్_దీప
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఒప్పుకోలేను. నేను ఇక్కడ టెక్సస్‌లో బ్రెజీలియన్ జుజుట్సు (నేల మీద పట్లు పట్టే కుస్తీ లాంటిది) చేస్తాను. ఇద్దరు పిల్లలు, రెండోది సిజేరియన్. ముప్పై ఎనిమిదేళ్ళకి మొదలుపెట్టాను. మా దగ్గర మొదటి రోజు నేర్పేది టాప్ చెయ్యడం. పట్టు బిగిస్తుంటే నొప్పి రాకముందే ఎదుటివాడి ఒంటి మీద రెండుసార్లు తడితే వెంటనే వదిలెయ్యాలి. అది ఓటమి లెక్కలోకి రాదు, రేపు మళ్ళీ రావడానికి దారి. "ఇవాళ గెంతలేను" అనడం కూడా నాకు అలాంటిదే అనిపిస్తుంది.

నేను ప్రతి రౌండుకి ముందు ఎదురుగా ఉన్నవాళ్ళకి "ఎడమ భుజం, జాగ్రత్త" అని చెప్తాను. మొదట్లో నోరు వచ్చేది కాదు. మనకి చిన్నప్పటి నుంచి నొప్పిని చెప్పుకోకపోవడమే మంచితనం అని నేర్పారు కదా. పావనీ, మీరు మీ మాస్టారికి మోకాలి సంగతి పూర్తిగా చెప్పారా, లేక "కొంచెం నొప్పిగా ఉంది సార్" అని ఊరుకున్నారా?

పాపికొండల_పావని
@డాలస్_దీప "కొంచెం నొప్పిగా ఉంది సార్" అనే చెప్పాను. అత్తగారి సంగతి అసలు చెప్పలేదు. పిల్లల ముందు ఇంటి విషయం ఎందుకులే అనుకున్నాను.

మేడమీద_మాస్టర్
అయ్యో, అది చెప్పాలమ్మా. మాకు చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? రాని విద్యార్థి గురించి మేం మొదట అనుకునేది ఇష్టం తగ్గిందని.

షుగరున్న_శేఖర్
వరంగల్, 51 ఏళ్ళు, పదకొండేళ్ళుగా షుగర్. కరాటేలో నాలుగేళ్ళు. దీప గారు చెప్పినదానికి నా అనుభవం కలుపుతున్నాను.

నేను కూడా మా సార్‌కి చెప్పలేదు. ఒకరోజు కుమితే (ఎదురెదురుగా చేసే పోరు) మధ్యలో చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగి కూర్చుండిపోయాను. అందరూ భయపడ్డారు. ఖాళీ కడుపుతో మాత్ర వేసుకుని వెళ్ళాను, అదీ నేను చేసిన తప్పు. ఇప్పుడు క్లాసుకి ముందు చూసుకుంటాను. 100 లోపు ఉంటే అరటిపండు తిన్నాకే మొదలుపెడతాను. బ్యాగులో గ్లూకోజు పొడి ఎప్పుడూ ఉంటుంది, అది ఏ అరలో ఉందో మా సార్‌కీ ఇద్దరు సీనియర్లకీ తెలుసు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు. మనం చెప్పుల్లేకుండా చేస్తాం. షుగర్ ఎక్కువ కాలం ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. నాకు ఒకసారి చిన్న గాజు ముక్క గుచ్చుకుంటే రెండు రోజులు తెలియలేదు, సాక్సు మీద మరక చూసి మా ఆవిడ కనిపెట్టింది. అప్పటి నుంచి క్లాసయ్యాక కాళ్ళు కడిగి, తుడిచి, వేళ్ళ సందులు కూడా చూసుకుంటాను. అరికాలు కనపడదు కాబట్టి అద్దం కింద పెట్టుకుంటాను. నేను ఇప్పుడు మెత్తటి షూ వేసుకుని చేస్తాను, మా సార్ ఒప్పుకున్నారు. షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్ళు గెంతులు, ఊపిరి బిగబట్టే వ్యాయామాలు కంటి డాక్టరుని అడగకుండా చెయ్యకూడదు.

చెవిమిషన్
శేఖర్ గారి పోస్టు మా నాన్నకి చదివి వినిపిస్తాను.

నాకు రెండు చెవులకీ మిషన్ ఉంది. జూడో చేస్తాను. పట్టు పట్టేటప్పుడు మిషన్లు తీసి డబ్బాలో పెట్టాలి, కాబట్టి చాప మీద నాకు ఏమీ వినపడదు. మొదటి సంవత్సరం సార్ ఆపమన్నా నాకు తెలిసేది కాదు, ఎదుటి అబ్బాయికి కోపం వచ్చేది. తర్వాత అందరం కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నాం. ఆపాలంటే భుజం మీద రెండు తట్లు. లెక్క పెట్టేటప్పుడు సార్ చెయ్యి పైకెత్తి దించుతారు.

నేను అడిగేదాకా ఎవరికీ తట్టలేదు. అడిగాక ఎవరూ కాదనలేదు. చూపు లేనివాళ్ళ జూడో 1988 సియోల్ నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. అందులో ఇద్దరూ ముందే ఒకరి డ్రెస్సు ఒకరు పట్టుకున్నాకే రిఫరీ మొదలుపెట్టిస్తారు. ఆ ఒక్క మార్పుతో ఆట ఆటగానే ఉంది. జూడో చెడిపోయిందని ఎవరూ అనలేదు కదా, మాస్టారూ?

కోనసీమ_కర్ర
నాకు కరాటే తెలీదు. మాది అమలాపురం. దసరాకి మా ఊరి సాము విద్య చెడీ తాలింఖానాలో కర్ర తిప్పుతాను, మా నాన్న తిప్పారు, మా తాత తిప్పారు. నాకిప్పుడు 58. కొబ్బరి వ్యాపారం, పొద్దున్నే లెక్కలు, లారీలు, రాత్రి తొమ్మిదికి ఇల్లు. పండక్కి నెల ముందు నుంచి రాత్రి పదింటికి వీధిలో సాధన చేస్తాం.

పావనమ్మా, నువ్వు చెప్పిన ఆ గెంతు ఎందుకో ఎవరైనా చెప్పారా? కాళ్ళ మీదికి కర్ర వస్తే తప్పించుకోడానికేనా?

పాపికొండల_పావని
అవును బాబాయ్ గారూ. మాస్టారు అలాగే చెప్పారు. కింద కాళ్ళ మీదికి కర్ర విసిరితే ఎగిరి తప్పించుకుని, దిగుతూ అడ్డుకోవడం అని.

కోనసీమ_కర్ర
అయితే విను. మా దగ్గర కూడా కాలి దెబ్బ ఉంది. కుర్రాళ్ళు ఎగురుతారు, చూసేవాళ్ళు ఈలలు వేస్తారు. నా వయసువాళ్ళం ఎగరం. కర్ర బయల్దేరేటప్పుడే ముందు కాలు వెనక్కి లాగి, మన కర్ర నేలకి నిలువుగా ఆనించి దెబ్బ తీసుకుంటాం. లేదా ఇంకా ముందే ఎదుటివాడి మీదికి ఒక అడుగు వేసేస్తాం, కర్ర చివర ఊపు ఎక్కువ, చేతి దగ్గర తక్కువ కదా. ఏది చేసినా కాలికి దెబ్బ తగలలేదు, పని అయినట్టే. మా గురువు గారు డెబ్బై దాటాక కూడా తిప్పారు. ఆయన ఎగరడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన కాలికి కర్ర తగలడం కూడా చూడలేదు.

డాలస్_దీప
బాబాయ్ గారి పోస్టు ప్రింట్ తీసి మా జిమ్ గోడకి అంటించాలని ఉంది.

ఒకినావా_పిచ్చి
కోనసీమ బాబాయ్ గారు అసలు విషయానికి తెచ్చారు. మేడమీద మాస్టారు "మనకి అప్పగించిన వస్తువు" అన్నారు కదా, అది ఎవరి కోసం తయారైందో కూడా చూడాలి.

హెయాన్ కటాలు ఐదు. కరాటే పుట్టిన జపాన్ దీవి ఒకినావాలో వీటికి మొదటి పేరు పినాన్. ఇప్పటి రూపంలో వీటిని కూర్చింది అక్కడి కరాటే గురువు ఇతోసు అంకో (1831–1915). 1900ల మొదటి సంవత్సరాల్లో ఆయన కరాటేని ఒకినావా బడుల్లోకి తెచ్చినప్పుడు బడి పిల్లల కోసం వీటిని నేర్పారు. అంటే పావని గారు పక్కన నిలబడి చేస్తున్న పన్నెండేళ్ళ పిల్లల కోసం! వాళ్ళ మోకాళ్ళకి తగ్గ గెంతు అది. తర్వాత ఇతోసు శిష్యుడు, షోటోకాన్ మూలపురుషుడు గిచిన్ ఫునకోషి వాటికి హెయాన్ అని పేరు మార్చారు, మొదటి రెండింటి వరస కూడా తారుమారు చేశారు. కాబట్టి కటా ఎప్పుడూ మారలేదు అనుకుంటే అది నిజం కాదు.

ఇతోసు 1908లో రాసిన ఉత్తరం ఒకటి ఉంది, పది అంశాలు. అందులో కరాటే తొందరగా రాదని, నెమ్మదిగా నడిచే ఎద్దు చివరికి వెయ్యి మైళ్ళు వెళ్ళినట్టు వస్తుందని అంటారు. ఎద్దు గెంతదు కదా అని నేను అనను, మాస్టారికి కోపం వస్తుంది.

పావని గారికి పనికొచ్చే ఇంకో మాట. ఫునకోషి ఉద్యోగం బడిపంతులు. పగలంతా పాఠాలు, రాత్రి లాంతరు పట్టుకుని గురువు ఇంటికి నడిచి వెళ్ళి సాధన. 1922లో కరాటే చూపించడానికి టోక్యో వెళ్ళేటప్పటికి యాభై దాటాయి. అక్కడే ఉండిపోయి, డబ్బుల్లేక విద్యార్థుల హాస్టల్లో గదులు ఊడ్చే పని చేస్తూ నేర్పారు. ఇల్లూ, ఉద్యోగం, వయసూ ఆయనకీ ఉన్నాయి.

సూటిగా_చెప్తా
ఫునకోషి ఇంట్లో వంట ఎవరు చేశారో కూడా చెప్పండి మరి. లాంతరు పట్టుకుని వెళ్ళగలిగాడంటే ఇల్లు ఎవరో చూసుకున్నారు. పావని గారికి ఆ ఎవరో లేరు. అందుకే నేను ఆపమన్నాను.

ఒకినావా_పిచ్చి
న్యాయమైన మాట. ఆయన భార్య ఇల్లూ పిల్లల్నీ మోసింది. ఆయన టోక్యోలో ఉంటే ఆమె ఒకినావాలోనే ఉండిపోయింది. నేను అటువైపు నుంచి ఆలోచించలేదు.

పాపికొండల_పావని
@సూటిగా_చెప్తా మీరన్నది నిజమే, ఆ ఎవరో లేరు. మొన్న మా ఆడపడుచు ఫోన్‌లో "అమ్మ మంచం మీద ఉంటే నీకు తన్నులాటలు కావాలా" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కానీ ఒక సంగతి రాస్తాను. అత్తగారిని పక్కకి తిప్పడం, లేపి కూర్చోబెట్టడం, బాత్రూముకి తీసుకెళ్ళడం నేనే. ఆవిడ 68 కిలోలు. మొదటి నెల నా నడుం పోయింది. అప్పుడు ఒకరోజు అనుకోకుండా ఒక కాలు ముందుకి వేసి, మోకాలు వంచి, వీపు నిటారుగా పెట్టి లేపాను. జెన్‌కుత్సు దాచి. కరాటేలో ముందడుగు నిలకడ, మూడేళ్ళుగా చేస్తున్నదే. నడుం నొప్పి ఆ తర్వాత రాలేదు. క్లాసుకి వెళ్ళిన రోజు నేను ఎవరి మీదా అరవను. వెళ్ళని వారం ఆయా మీద, పాప మీద, మంచం మీద ఉన్న ఆవిడ మీద కూడా గొంతు లేస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది. నా ఇంటికి నేను ఆ గంటలో దొరుకుతున్నాను. అందుకే ఆపలేను.

సూటిగా_చెప్తా
అర్థమైంది పావని గారూ. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే క్లాసు సంఖ్య గురించి పోరాడండి, ఆపకండి.

రాత్రిషిఫ్ట్_రాజు
అక్కా, ఆయా ఆరున్నరకి వస్తుంది, క్లాసు ఏడింటికి అయిపోతుంది. ఆ అరగంట కోసం పరుగెత్తి వెళ్ళకు. అదే అరగంట అత్తగారి గదిలోనే చెయ్యొచ్చు. కటాకి స్థలం చాలకపోతే ముందుకు వేసే ప్రతి మూడో అడుగునీ వెనక్కి వేస్తే చాలు, నాది పది అడుగుల గది, అలాగే చేస్తాను.

ఫిజియో_కాకినాడ
రాజు చెప్పింది చాలా మంచి ఆలోచన. పావని గారూ, అత్తగారి మాట ఎలా ఉంది?

పాపికొండల_పావని
కుడి వైపు చచ్చుబడింది. మాట సరిగ్గా రాదు. చెప్పింది అర్థమవుతుంది. కావాల్సిన మాట దొరక్క విసుక్కుంటారు.

ఫిజియో_కాకినాడ
అయితే ఒకటి ప్రయత్నించండి. ఇలా మాట పోయినవాళ్ళలో చాలామందికి మామూలు మాటల కంటే అలవాటైన వరసలు తేలిగ్గా వస్తాయి: అంకెలు, వారాల పేర్లు, చిన్నప్పటి పద్యాలు, దేవుడి పాటలు. మీరు గదిలో కటా చేసేటప్పుడు లెక్క ఆవిడని పెట్టమనండి. క్లాసులో పెట్టే జపాన్ లెక్క ఇచి, నీ, సాన్ వద్దు, ఒకటి, రెండు, మూడు. రాకపోయినా ఒత్తిడి చెయ్యొద్దు, మీరు కూడా కలిసి అనండి. స్పీచ్ థెరపీ వాళ్ళు ఎవరైనా దొరికితే వాళ్ళని కూడా అడగండి.

మేడమీద_మాస్టర్
నిన్న రాత్రి నుంచి ఈ చర్చ మూడుసార్లు చదివాను.

ముందు ఒక నిజం చెప్పాలి. నాకు 54. క్లాసులో ఆ గెంతు నేను చూపించి ఆరేళ్ళయింది. ఎడమ మోకాలు అరిగింది. సీనియర్ కుర్రాడిని పిలిచి "చూపించరా" అంటాను, నేను పక్కన నిలబడి సరిచేస్తాను. నాకు నేను ఇచ్చుకున్న వెసులుబాటు నా విద్యార్థులకి ఇవ్వలేదని చెవిమిషన్ గారి ప్రశ్న చదివాక తెలిసింది.

ఇవాళ ఉదయం కర్ర పట్టుకుని కోనసీమ ఆయన చెప్పినట్టు చేసి చూశాను. ఎగిరే బదులు తిరుగుతూ వెనక కాలు లాగి, అదే కత్తెర నిలకడలోకి అడుగు వేసి, చేతులు అదే చోట. కుర్రాడిని కింద కర్ర విసరమన్నాను. తగల్లేదు. నలభై దాటినవాళ్ళకి, దెబ్బ తగిలినవాళ్ళకి నా క్లాసులో ఇక నుంచి ఇదే నేర్పుతాను. దేని బదులు చేస్తున్నారో, ఎందుకో వాళ్ళకి తెలియాలి, అది మాత్రం నా షరతు. పిల్లలు మాత్రం ఎగరాల్సిందే.

24 క్లాసుల సంగతి. ఇంట్లో చేసిన సాధన రాసుకునే పుస్తకం ఒకటి పెట్టించబోతున్నాను. రెండు ఇంటి సాధనలు ఒక క్లాసు లెక్క. అబద్ధం రాస్తే కటాలో తెలిసిపోతుంది. పావని గారూ, ఇది మీ మాస్టారికి చూపించండి. ఆయన ఒప్పుకోకపోతే నాకు కోపం రాదు, ఆయన క్లాసు ఆయనది. ఒక్కసారి కూర్చుని మాత్రం మాట్లాడండి.

ఒక్కగంట_చాలు
మాస్టారూ, ఆరేళ్ళ సంగతి ఇలా బయటికి చెప్పడానికి గుండె కావాలి.

షుగరున్న_శేఖర్
ఆ పుస్తకం మా సార్‌కి కూడా చెప్తాను. మా క్లాసులో రైల్వే డ్యూటీలు చేసేవాళ్ళు ముగ్గురున్నారు.

కోనసీమ_కర్ర
మాస్టారూ, దసరాకి అమలాపురం రండి. కర్ర మీకోసం ఒకటి నూనె పట్టించి ఉంచుతాను.

పాపికొండల_పావని
మూడు వారాలయింది, ఏం జరిగిందో రాయాలని వచ్చాను.

మాస్టారితో క్లాసయ్యాక అరగంట మాట్లాడాను. అన్నీ చెప్పాను, మోకాలు, అత్తగారు, మావారి ఉద్యోగం. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఇన్ని నెలల్లో ఒక్కసారీ చెప్పలేదేమ్మా" అన్నారు. గెంతు బదులు అడుగు సంగతి ఇంకా ఆలోచిస్తున్నారు, ఒప్పుకోలేదు, కాదనలేదు. ఈసారి గ్రేడింగ్‌కి నేను కూర్చోవడం లేదు. తర్వాతి దానికి చూద్దాం అన్నారు. నాకు బాధగా లేదు. గెంతు చోట మాత్రం నాలుగు మ్యాట్లు వచ్చాయి, పిల్లలందరూ దాని మీద దొర్లుతున్నారు.

వారానికి ఒక క్లాసు, మిగతా రోజుల్లో నాలుగు రోజులు అత్తగారి గదిలో పొద్దున్న ఐదున్నరకి ఇరవై ఐదు నిమిషాలు. కుర్చీలోంచి లేవడాలు పదిహేను, మెట్టు మీద పది, తర్వాత మొదటి కటా హెయాన్ షోదాన్, 21 కదలికలు. మొదటి వారం అత్తగారు గోడ వైపు తిరిగి పడుకున్నారు. రెండో వారం ఇటు తిరిగారు. నేను "ఒకటి" అనగానే పెదవులు కదిపారు. మొన్న సోమవారం నేను ఏమీ అనకుండా నిలబడి చూశాను. "ఒకటి" అన్నారు. అడుగు వేశాను. రెండు, మూడు, నాలుగు, అలా ఏడు దాకా వచ్చారు. ఏడు తర్వాత ఆగి నా వైపు చూశారు. నేను ఏడో అడుగులోనే నిలబడిపోయాను, మోకాలు వంచి, చెయ్యి చాపి. పాప తలుపు దగ్గర నిలబడి ఏడ్చేసింది.

కోనసీమ_కర్ర
ఎనిమిది అన్నారా తల్లీ?

పాపికొండల_పావని
ఇంకా లేదు బాబాయ్ గారూ. రేపు మంగళవారం, నాకు క్లాసుంది. ఎల్లుండి మళ్ళీ చేస్తాం.